అత్త తీయించిన తాళం

కోట ఊళ్ళో ముంతాజ్ బేగం కుట్టిన జాకెట్టుకు పేరుంది; ఆమె నోటికి అంతకంటే పెద్ద పేరుంది. కొలతలు తీసేదీ తనే, కలతలు తెచ్చేదీ తనే. ఆ ఉదయం టీ తాగుతూ, తనూ కోడలు ఆయేషా కలిసి వాడే దుకాణం ఫోను అందుకుంది. తెలియని నంబరు నుంచి పెళ్ళిపత్రిక వచ్చింది. ఎవరిదైనా సరే, పెళ్ళిపిలుపును పక్కన పడేయడం ఆ ఇంట్లో తప్పు. నొక్కింది. ఫోను ఏవేవో అడిగితే అన్నిటికీ సరేనంది. దావత్ అనుకున్నది ఆఫత్ అని, విందు కాదు ఆపదని తెలిసేసరికి పొద్దెక్కింది.

ఎప్పుడూ అక్కడే కుట్టించుకునే ధనలక్ష్మి రొప్పుతూ వచ్చింది.

"ముంతాజక్కా! ఎవురి పెండ్లికి పిలిచినావు నన్ను? నీ నంబరు నుంచి పత్రిక వచ్చె. మా ఆయన చూసి, తెరవబాక, దొంగ ఫైలు అన్నాడు. జాకెట్టు కుదిరిందో లేదో చూడమని నేను పంపిన ఫొటోలన్నీ ఆ ఫోన్లోనే గదా!"

ఊళ్ళో ఆడవాళ్ళు చాలామంది ముంతాజ్‌ను నమ్మి అలాగే పంపుతారు. భయమేస్తే ఆమె నోరు ముందు కోడలి మీదికే పోతుంది.

"ఏందమ్మే, ఎన్‌క్రిప్షన్ పెట్టినానంటివే! ఎన్ని క్రిప్షన్లు పెట్టి ఏం లాభం?"

ఆయేషా ముందు ఫోనుకు నెట్ ఆపేసింది. "గమ్మునుండు అత్తా. ధనక్కా, మీ ఫొటోలన్నీ తాళమేసిన అరలో ఉండాయి. ఫొటోను వెయ్యి పీలికలు చేసి కలిపేసినట్టన్నమాట. వాటిని మళ్ళీ అతికించే పాస్‌వర్డు మాట నా తలలో తప్ప ఇంకెక్కడా లేదు. దొంగ ఎత్తుకపోయినా వాడికి ఏ బొమ్మా కనపడదు."

ధనలక్ష్మి గుండె మీద చెయ్యి వేసుకుని వెళ్ళింది. ముంతాజ్‌కి మళ్ళీ నోరొచ్చింది. "చూసినావా! దొంగోడు దుకాణమంతా దోచి పీలికలు పట్టుకపోయినాడు!"

ఆయేషా నవ్వలేదు.

"నావి ఆ అరలో లేవత్తా."

పోయిన వారం ఆ తాళం చూసి రచ్చ చేసింది ముంతాజే. అత్తకు తెలియని గుట్టేమిటని నిలదీసింది. ఊరివాళ్ళవి ముట్టుకోకుండా, ఆయేషా తన ఫొటోలు మాత్రం బయటికి తీసి చూపింది. జుట్టు విరబోసుకుని, తడలో ఫ్యాక్టరీ పనికి పోయి అక్కడే ఉంటున్న భర్త ఆఫ్తాబ్ కోసం తీసుకున్నవి. తిరిగి లోపల పెట్టబోతే, "బయటే ఉండనీ, మళ్ళీ దాపరికమా?" అన్నదీ ముంతాజే.

"ఇప్పుడు అవి యాడుండాయో, ఎవురు చూస్తాండారో..." అంది ఆయేషా. "ఆయనకేం చెప్పేది?"

జాకెట్లు కుట్టే మనిషికి నోరు కుట్టుకోవడం ఎవరూ నేర్పలేదు. ముంతాజ్ తన చిన్న ఫోను తీసి, కొడుక్కి కలిపింది.

"ఆఫ్తాబ్, నీ పెండ్లాం ఊరి ఆడోళ్ళందరి మానం కాపాడిందిరా. దాన్నొక్కదాన్నే నేను..."

జీవితంలో మొదటిసారి ఆమెకు మాట దొరకలేదు. కన్నీళ్ళు దొరికాయి.

ఆయేషా ఆమె చేతిలోని ఫోను మెల్లగా అందుకుంది.

"నేనేనండీ. ఇద్దరం పోలీస్ స్టేషనుకు పోతాండాం. అత్త నాతో వస్తాంది."