షికారుకి జీతం

తెల్లవారకముందే దయారాణి ఫ్లాస్కులో టీ పోసి, మూత బిగించి, చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూసింది. నిండుగా ఉంటే చప్పుడు రాదు. రాలేదు. అంతమాత్రానికే ఆమెకు నవ్వొచ్చింది. పెళ్లయి మూడు నెలలైనా కాలేదు. ఈ మధ్య ఆమెను నవ్వించడానికి పెద్ద కారణాలు అక్కర్లేదు.

"పద పద, మన బాతు ఎదురుచూస్తుంటుంది" అన్నాడు శాంతరాజు చెప్పులు వేసుకుంటూ.

దారిలో ఇరానీ వాడి పొయ్యి దగ్గర వేడి వేడి ఖుబ్జు రొట్టెలు కొన్నారు. ఆవిరికి పేపరు చెమర్చింది. నర్సాపురంలో బి.ఏ. చదివేటప్పుడు దుబాయ్ అంటే బంగారం దుకాణాలే అనుకునేది రాణి. తీరా వచ్చింది అబుదాబికి. ఇక్కడ ఆమె మనసు దోచుకున్నవి ఈ రొట్టెల వాసన, సముద్రం మీద మొదటి వెలుగు, జెట్టీకి కట్టేసిన ఆ చిన్న విమానం, వాళ్ల బాతు. దానికి చక్రాలు ఉండవు. పొడవాటి రెండు పడవల్లాంటివి ఉంటాయి. ఫ్లోట్లంటారు వాటిని. నీళ్ల మీంచే లేచి, నీళ్ల మీదే దిగుతుంది. దీవుల్లో చమురు కోసం వెతికే ఇంజనీర్లని, వాళ్ల ఉత్తరాలని, కూరగాయల్ని మోసుకుపోతుంది. ఆ విమానం నడిపేది తన భర్త! అది తలుచుకున్నప్పుడల్లా రాణికి చక్కిలిగింతలు పెట్టినట్టుండేది.

శాంతరాజు ప్యాంటు పైకి మడిచి ఫ్లోటు మీదికి దిగాడు. చేతిపంపు గొట్టం ఒక్కో అరలో దూర్చి, రాత్రంతా ఊరిన నీటిని తోడసాగాడు. రాణి జెట్టీ అంచున కాళ్లు వేలాడేసి కూర్చుని చేపపిల్లలకి రొట్టె ముక్కలు వేసింది. చాలాసేపటికి అతను చొక్కా తడిసి ముద్దై పిలిచాడు.

"రాణీ, చివరి అర నీది. రా."

ఆమె పంపు రెండు చేతులతో లాగింది. నీళ్లు బుడబుడమని సముద్రంలోకి చిమ్మాయి.

"చూశారా! నేను పట్టుకుంటే ఎలా వస్తున్నాయో!"

"నీ చేతి చలవ మరి. అయినా దీన్ని పనంటారా ఎవరైనా? ఆట ఇది."

తర్వాత డ్రమ్ములో మంచినీళ్లు పొదుపుగా ముంచి రెక్కల మీద ఉప్పు కడిగారు. టీ తాగారు. సూర్యుడు వచ్చాడు.

ఇంటికి వచ్చేసరికి తోటికోడలు మరియకుమారి నైట్ డ్యూటీ నుంచి అప్పుడే దిగింది. హాస్పిటల్లో నర్సు. తెల్లబూట్లు విప్పుతుంటే కాళ్లు పొంగి ఉన్నాయి.

"ఎక్కణ్ణించి పిల్లా, జుట్టంతా తడి?"

"జెట్టీ నుంచక్కా! ఈయన నీళ్లు తోడతారు, నేను అల్లరి చేస్తాను. రోజూ పిక్నిక్కే అనుకో. నిజం చెప్తున్నా, అది పని కాదక్కా, ఆట!"

మరియకుమారి బూటులోంచి కాలు లాక్కుని రాణి తడి జుట్టు వైపు చూసింది. "మంచిది. ఆడుకోండి" అంది.

*

ఏప్రిల్ ఆఖరుకి సీజన్ ముగుస్తుంది. మే నుంచి సెప్టెంబరు దాకా ఎండకి, ఉప్పు ఆవిరికి సర్వే ఇంజనీర్లు తమ దేశాలకి పోతారు. విమానానికి పని ఉండదు. శాంతరాజుకి ముందు దాన్ని నడిపింది ఒక కెనడా కెప్టెన్. హైదరాబాద్ ఫ్లయింగ్ క్లబ్బులో లైసెన్సు తీసుకుని అసిస్టెంటుగా వచ్చిన శాంతరాజుకి నీళ్ల మీద దిగడం నేర్పింది ఆయనే. ఎండాకాలం ఆయన సెలవు మీద పోయేవాడు, జీతం మాత్రం నెల నెలా ఆగకుండా వచ్చేది. కిందటేడు ఆయన వెళ్లిపోయాక ఆ సీటు శాంతరాజుకి దక్కింది. జీతం సంగతి సీజన్ చివర్లో మాట్లాడదాం అన్నారు.

మాట్లాడవలసింది సొంత అన్నతోనే. దయారత్నం ఆ కంపెనీ ఆఫీసులో పెద్ద గుమాస్తా. అరబ్బీ బాగా వచ్చు. మేనేజర్ని అక్కడ ముదీర్ అంటారు. ఆ లెబనాన్ ముదీర్ ఏం చెప్పినా ఆయన ద్వారానే కింది వాళ్లకి, వీళ్లేం చెప్పుకున్నా ఆయన ద్వారానే పైకి. తమ్ముణ్ణి ఫ్లయింగ్ క్లబ్బులో చేర్పించిందీ, వీసా తీయించిందీ, పెళ్లి చేసిందీ, తన రెండు గదుల ఇంట్లో ఒక గది ఇచ్చిందీ ఆయనే. అలాంటి అన్న ముందు నోరు విప్పి జీతం అడగడం శాంతరాజుకి ప్రాణం పోయినట్టుండేది.

ఏప్రిల్ ఆఖరి రోజు, శుక్రవారం. అక్కడ వారం సెలవు అదే. చర్చి నుంచి వచ్చి నలుగురూ కోడికూర ముందు కూర్చున్నారు. దయారత్నం కళ్లు మూసుకుని ప్రార్థన చేశాడు. "ప్రభువా, మా కష్టార్జితాన్ని దీవించు." ఆమెన్ అయ్యాక అన్నం కలుపుతూ చెప్పాడు.

"ఒరే శాంతం, మాట్లాడేశాను. సీజన్ ఏడు నెలలకీ జీతం పెంచారు. మిగతా అయిదు నెలలు జీతం లేదు. అందుకని ఫ్యామిలీ వీసా కూడా ఉండదు. రాణిని నర్సాపురం పంపెయ్. అక్టోబరులో రప్పించుకో. మీ గదికి ఇద్దరు నర్సుల్ని కూడా మాట్లాడాను, అద్దె బరువు నీ మీద పడకుండా. నువ్వు హాల్లో పడుకుందువుగాని."

రాణి చేతిలో గరిటె ఆగిపోయింది. అయిదు నెలలు!

"నేను ఇక్కడ ఉండి ఏం చెయ్యాలన్నయ్యా?" అన్నాడు శాంతరాజు.

"జెట్టీకి ఎలాగూ పోతావుగా."

శాంతరాజు చెయ్యి కంచంలోనే ఉంది. "అంటే ఫ్లోట్లు నేనే తోడాలి. రేకుల్ని బిగించే రివిట్లు వదులై కారుతున్నాయని ఎన్నిసార్లు చెప్పాను? నాలుగు రోజులు వదిలేస్తే అడుక్కి పోతుంది. ఎండాకాలమంతా దాన్ని తేల్చి ఉంచేది నేను. కెనడా ఆయనకి ఊరికే కూర్చున్నా ఇచ్చారు. నాకు పని చేస్తే ఇవ్వరా?"

"అది ఆయన పాస్‌పోర్టు రేటురా. నీది ఇండియా పాస్‌పోర్టు."

"సీటు ఒకటేగా."

"ఎదురు మాట్లాడకు. అయినా అది పనా? పొద్దున్నే పెళ్లాన్ని వెంటేసుకుని షికారు. మీ వదినే చెప్పింది. రోజూ పిక్నిక్ అంట, ఆట అంట. ముదీర్ అడిగితే నేనూ అదే చెప్పాను. మావాడికి సరదా సాబ్, ఊరికే చేస్తాడు అన్నాను. ఊరికే చేసేదానికి డబ్బు ఎవడిస్తాడు?"

రాణి గరిటె కింద పెట్టింది. ఆ మాటలు తనవి. అక్షరం పొల్లుపోకుండా తనవి. తలెత్తి మరియకుమారి వైపు చూసింది. ఆమె కోడి ఎముకని కంచం అంచుకి నెడుతూ ఉంది.

"అక్కా, నువ్వు..."

"నేను వేరే అర్థంలో అన్నాను" అంది మరియకుమారి చూపు ఎత్తకుండా. "ఈయనకి తగలాలని అన్నాను. వచ్చి ఎనిమిదేళ్లైంది, ఒక్క రోజు సముద్రం చూపించావా, నీ తమ్ముణ్ణి చూసి నేర్చుకో అన్నాను. మీ బావగారికి అందులో జీతం ఒక్కటే వినపడింది."

దయారత్నం కంచంలోనే చెయ్యి కడిగేసుకున్నాడు.

*

గదిలోకి వచ్చి తలుపు వేయగానే రాణి ఏడుపు ఆపుకోలేకపోయింది. "తిట్టండి నన్ను. నా వాగుడే కొంప ముంచింది."

శాంతరాజు తిట్టలేదు. మంచం మీద కూర్చుని అరచేతులు చూసుకున్నాడు. వేళ్ల మొదట్లో కాయలు కాచి పసుపురంగు తిరిగి ఉన్నాయి. ఇన్నాళ్లూ ఆ చేతులు పట్టుకుని నడిచింది కానీ రాణి వాటిని ఇలా చూడలేదు.

"ఆట అన్నది మొదట నేనే రాణీ. నిన్ను తీసుకెళ్లిన మొదటి రోజు సిగ్గేసింది. విమానం నడిపేవాడని చేసుకుంటే వీడేంటి నీళ్లు తోడుతున్నాడు అనుకుంటావని ఆటన్నాను. నువ్వు నమ్మావు."

"మరి చివరి అర నాకెందుకిచ్చేవారు?"

"అందులో అంతగా ఊరదు. నీ చెయ్యి నొప్పెట్టదు."

అతను మామూలు గొంతుతోనే చెప్పాడు. దాంతో రాణికి మరింత దుఃఖం వచ్చింది.

మర్నాడు చీకటితోనే ఆమెకు మెలకువ వచ్చింది. అలవాటుగా టీ పెట్టింది. అతను గోడవైపు తిరిగి పడుకునే ఉన్నాడు. ఫ్లాస్కులో టీ మధ్యాహ్నానికి చల్లారితే పారబోసింది. ఆ మర్నాడూ అంతే.

"జెట్టీకి పోవట్లేదేంరా?" అన్నాడు దయారత్నం ఆఫీసుకి బయల్దేరుతూ.

"షికారు మానేశామన్నయ్యా."

దయారత్నం నవ్వేడు. ఒక రోజు బెట్టు చేస్తాడు, రెండు రోజులు చేస్తాడు అనుకున్నాడు. సోమవారానికి షమాల్ అనే ఇసుక గాలి లేచింది. వీధంతా ఇసుక. పదకొండు గంటలప్పుడు ఎవరో తలుపు బాదారు. జెట్టీలో లాంచీ నడిపే జిలానీ బాషా. కడప మనిషి.

"సార్, జల్దీ రండి! మీ బాతు ఒక పక్కకి ఒరిగిపాయె. రెక్క నీళ్లు తాగుతాండాది!"

శాంతరాజు చొక్కా తొడుక్కోవడం చూస్తే తొందరేమీ లేదు. రాణి మాత్రం చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లు దిగింది.

*

ఎడమ ఫ్లోటు వెనక భాగం నీళ్లలోకి దిగిపోయింది. అలలు రెక్క కొస మీంచి పొర్లుతున్నాయి. జెట్టీ మీద ముదీర్ కేకలు వేస్తున్నాడు. దయారత్నం ఆఫీసు ప్యాంటుతోనే నడుం లోతు నీళ్లలో నిలబడి పంపు లాగుతున్నాడు. గొట్టం సరిగ్గా దిగక గాలి పీల్చి గుర్రుమంటోంది. లాగిన నాలుగు లాగులకే ఆయన రొప్పుతున్నాడు.

"ఒరే శాంతం! చూస్తావేంరా, దిగు! ఇది మునిగితే నీ ఉద్యోగం, నా ఉద్యోగం రెండూ ఖలాస్!"

శాంతరాజు జెట్టీ చివర ఆగాడు. "మే నెల వచ్చేసిందన్నయ్యా. నేనిప్పుడు జీతం లేనివాణ్ణి. ముందు ముదీర్‌తో మాట్లాడు."

"ఇప్పుడా?"

"ఇప్పుడే. నేను చెప్పింది చెప్పినట్టు చెప్పు."

బాతు రాణి కళ్లముందే మునుగుతోంది. ఆ పంపు ఎలా పట్టాలో తనకి తెలుసు. చీర కుచ్చిళ్లు ఎగదోపి రెండడుగులు వేసింది.

"రాణీ, వద్దు."

అతను ఆమెతో అలా మాట్లాడటం అదే మొదటిసారి. ఆగిపోయింది. తను ఇప్పుడు దిగితే అది మళ్లీ షికారే అవుతుంది. అది ఆమెకు తెలిసింది. తెలిశాక కాళ్లు కదపకుండా ఉండటం ఎంత కష్టమో కూడా తెలిసింది.

శాంతరాజు చెప్పాడు. పన్నెండు నెలల జీతం. ఫ్లోట్లకి మరమ్మతు. భార్య వీసా ఉండాలి. దయారత్నం నీళ్లలోంచే తలెత్తి అరబ్బీలో మొదలుపెట్టాడు. మధ్యలో ఆగాడు. పంపు వైపు చూశాడు, ఎర్రబడ్డ తన చేతుల వైపు చూశాడు, మళ్లీ చెప్పాడు. ఈసారి గొంతు వేరుగా ఉంది.

"ఏమంటున్నారు బావగారు?" అని రాణి అరబ్బీ తెలిసిన జిలానీని అడిగింది.

"తమ్ముడి మాట ఉన్నదున్నట్టు చెప్తాండాడు మేడమ్, ఈసారి. ఇది సరదా కాదు, పనే, నేనే తప్పు చెప్పినా అంటాండాడు."

'ఈసారి' అన్న మాట శాంతరాజుకీ వినపడింది. ఇన్నేళ్లుగా తన మాటలు అన్న నోటి నుంచి ఎలా పైకి వెళ్లాయో అతనికి ఒక్కసారిగా అర్థమై ఉండాలి. ముఖం తిప్పుకున్నాడు.

బేరం ఎక్కువసేపు సాగలేదు. గాలి ఆగడం లేదు. కెనడా ఆయన రేటు ససేమిరా అన్నాడు ముదీర్. శాంతరాజు సొంత జీతంలో సగం, ఎండాకాలం అయిదు నెలలకీ. వీసా ఉంటుంది. మరమ్మతు చేయిస్తారు. శాంతరాజు రాణి వైపు చూశాడు. తర్వాత మునిగే రెక్క వైపు చూసి తలూపాడు.

"యల్లా!" అని దిగమన్నట్టు అరిచాడు ముదీర్. వెంటనే వేలెత్తి ఇంకేదో అన్నాడు. దయారత్నం దాన్ని తెలుగులో చెప్పడానికి ఇబ్బంది పడ్డాడు.

"ఇకనుంచి ఇది డ్యూటీ అంటున్నాడురా. డ్యూటీ దగ్గరికి ఆడవాళ్లు రాకూడదంట. అమ్మాయిని ఇంటికి పంపమంటున్నాడు."

శాంతరాజు అప్పటికే నీళ్లలోకి దూకాడు. అన్న చేతిలోంచి పంపు తీసుకుని, "నువ్వు రెక్క కింద భుజం పెట్టన్నయ్యా" అన్నాడు. ఇద్దరూ ఒక్క మాట లేకుండా పనిలో పడ్డారు. రాణి ఇసుక గాలిలో ఒక్కతే ఇంటికి నడిచింది.

*

వారం గడిచింది. గదికి నర్సులు రాలేదు. దయారత్నం అరచేతుల్లో బొబ్బలు చితికి మానుతున్నాయి. అన్నదమ్ములు అన్నానికి కూర్చుంటున్నారు, "కూర వెయ్యి" అన్నంతవరకే మాట్లాడుకుంటున్నారు.

తెల్లవారకముందు రాణి టీ పెట్టింది. ఫ్లాస్కు అందుకుని శాంతరాజు, "ఒక కప్పు చాలు రాణీ" అన్నాడు. ఆమె పోస్తున్న చెయ్యి ఆపింది. అతను ఆమె తల మీద ఒకసారి చెయ్యి పెట్టి, బట్టలు వేసుకోవడానికి గదిలోకి వెళ్లాడు.

అప్పుడే మరియకుమారి డ్యూటీ నుంచి వచ్చింది. బూట్లు విప్పకుండానే వంటింటి గుమ్మంలో నిలబడింది.

"నీ నవ్వు చూళ్లేకపోయానే పిల్లా. అందుకే ఆయనతో అన్నాను. తగలాల్సిన చోట తగల్లేదు. నీకు తగిలింది."

రాణి మిగిలిన టీ రెండు గ్లాసుల్లో పోసి ఒకటి ఆమెకిచ్చింది. మరియకుమారి అది పట్టుకుని నేల మీద చతికిలబడింది. రాణి ఆమె ముందు కూర్చుని, పొంగిన కాళ్ల నుంచి బూట్లు నెమ్మదిగా లాగింది.

"సముద్రం ఎలా ఉంటుందే ఆ వేళప్పుడు?" అని అడిగింది మరియకుమారి.

రాణి చెప్పబోయి మెట్ల వైపు తిరిగింది. మెట్లు దిగుతున్న శాంతరాజు అడుగుల చప్పుడు వినపడుతోంది. అడుగడుక్కీ సగం నిండిన ఫ్లాస్కులో టీ గలగలమంటోంది.