తొంభై ఆరో ముక్క

పద్మకూట రాజ్యానికి వెన్నేరే ప్రాణం. ఆ ఏరు ఒకనాటి ఉదయం పారుతున్నది పారుతున్నట్టే రాయై నిలిచిపోయింది. అలలు అలల్లాగే గట్టిపడ్డాయి. నడిఏటిలో ఉన్న పడవలు కదలకుండా ఇరుక్కుపోయాయి. జనం గడ్డపారలతో పొడిస్తే నిప్పురవ్వలు లేచాయే తప్ప చుక్క నీరు రాలేదు.

ఇది జంఘాలుడనే మాంత్రికుడి పని. రాజు చిత్రభానుడి దగ్గర తాతల నాటి గంజీఫా పేక ఉండేది. గుడ్డపొరలను చింతగింజల జిగురుతో అతికి, గుండ్రంగా కత్తిరించి, రంగుల బొమ్మలు వేసిన తొంభై ఆరు ముక్కల పేక అది. ఆ పేక నిండుగా ఉన్నంతకాలమే ఏరు పారుతుందని పెద్దలు చెప్పేవారు. జంఘాలుడు రాజుతో ఆ పేక ఆడి ఓడిపోయాడు. ఓటమి సహించలేక మూడు ముక్కలు కాజేసి మాయమయ్యాడు. మర్నాడే ఏరు రాయైంది.

ఆ పేకను మొదట వేసింది నకాషీ బొమ్మలు వేసే చిత్రకారుడు కొమరయ్య ముత్తాత. అందుకని రాజు కొమరయ్యను పిలిపించి, పోయిన మూడు ముక్కలూ మళ్ళీ వేయమన్నాడు. తప్పితే తల తీస్తానని, పక్కనే కత్తి దూసిన భటుణ్ణి నిలబెట్టాడు. కొమరయ్య వేశాడు. కానీ రంగు ఆరగానే బొమ్మలు చెరిగిపోయి ముక్కలు తెల్లగా మిగిలాయి. రాజు అతణ్ణి చెరలో వేయించి, ముక్కలు తెచ్చినవారికి కోరిన వరం ఇస్తానని చాటింపు వేయించాడు. ఎందరో యోధులు గుర్రాలెక్కి పోయారు. ఉత్త చేతులతో తిరిగి వచ్చారు. ఈలోగా బావులు అడుగంటాయి.

అప్పుడు కొమరయ్య కూతురు చెంగల్వ సభలోకి వచ్చింది. ఆమెకు పదహారేళ్ళు. తాను వెళతానంటే మంత్రి నవ్వాడు. అడవులు ఆడపిల్లలు తిరిగే చోట్లు కావనీ, ఇంట్లో కూర్చుని తండ్రి కోసం నోము నోచుకోమనీ సలహా ఇచ్చాడు.

"నోము ఎవరైనా నోస్తారు మంత్రిగారూ. మా ఇంటి గీత ఏదో, దొంగ గీత ఏదో పోల్చగలవాళ్ళు ఈ సభలో ఇంకెవరున్నారో చెప్పండి" అంది చెంగల్వ.

రాజు వద్దని తల ఊపాడు. ఆమె అనుమతి కోసం ఆగలేదు. తండ్రి ఉడుతవెంట్రుకల కుంచె, రంగుల చిప్పలు, బొమ్మ వేయని ముక్క ఒకటి మూటగట్టుకుని, ఆ పూటే ఉత్తర ద్వారం దాటింది.

మూడు రోజులు నడిచాక వెదురు అడవిలో ఒక ముని కనిపించాడు. ఆయన కమండలం మీద మూతగా ఉన్నది, పోయిన మూడింటిలో ఒకటైన గుర్రపురౌతు ముక్క. దాన్ని జంఘాలుడు విసిరేస్తే గాలి తెచ్చి తన ఒడిలో పడేసిందని ముని చెప్పాడు. ఇవ్వమంటే మాత్రం ఇవ్వలేదు. లోకంలో ఏదీ నిండుగా ఉండదనీ, వెలితితో బతకడం నేర్చుకోవాలనీ బోధ మొదలుపెట్టాడు.

చెంగల్వ ఓపికగా అంతా విని, "మరి తమరి తపస్సు సగంలో ఆపేశారా స్వామీ?" అని అడిగింది.

ముని ఉలిక్కిపడ్డాడు. తరువాత చాలాసేపు నవ్వి, ముక్క ఆమె చేతిలో పెట్టాడు. "నీకొక రహస్యం చెబుతాను, విను. మీ వంశపు చెయ్యి బెదరకుండా గీస్తేనే ఆ ముక్కకు ప్రాణం వస్తుంది. బెదిరిన గీత నిలవదు."

తండ్రి బొమ్మలు ఎందుకు చెరిగిపోయాయో చెంగల్వకు అప్పుడు తెలిసింది. కత్తి కింద కూర్చున్న మనిషి చెయ్యి వణకదా? ఆమెకు జంఘాలుడి మీదకన్నా రాజు మీదే ఎక్కువ కోపం వచ్చింది. ఆ కోపంతోనే, రెండో ముక్క ఉందని ముని చూపిన ఎర్రకొండ ఎక్కింది.

కొండకొమ్మున గండభేరుండం గూడు కట్టుకుంది. ఏనుగు అంబారీ ముక్క దాని గూటిలో మెరుస్తూ ఉంది. ఆ పక్షికి ఒకే ఒళ్ళు, తలలు మాత్రం రెండు. ముక్క నాదంటే నాదని ఆ తలలు రోజుల తరబడి పోట్లాడుకుంటున్నాయి. చెంగల్వను చూడగానే తీర్పు చెప్పమన్నాయి. ఎవరికి కాదంటే ఆ తల తనను మింగేస్తుందని ఆమెకు అర్థమైంది.

"మీ ఇద్దరిదీ కాదు. అది మా ఏటిది" అంది.

రెండు ముక్కులూ ఒకేసారి తెరుచుకున్నాయి. ఆమె కాలు వెనక్కి పెట్టలేదు. "మింగితే మింగండి. మింగినా అది మీది అయిపోదు."

ఆ తలలు ఒకదాన్నొకటి చూసుకున్నాయి. తమ రెంటికీ ఒకే మాట చెప్పిన ప్రాణి అంతవరకు వాటికి తారసపడలేదు. పక్షి ముక్కను ఆమె ముందుకు తోసి, ఆమె కోరగా రెక్కల మీద ఎక్కించుకుని, జంఘాలుడి నల్లరాతి కోటలో దించింది.

జంఘాలుడు కోప్పడలేదు. మర్యాదగా ఎదురొచ్చి, బంగారు పెట్టె తెరిచి కొత్త పేక చూపించాడు. తొంభై ఆరు ముక్కలూ ధగధగ మెరుస్తున్నాయి. దీన్ని తీసుకుపోతే రాజు కనిపెట్టలేడనీ, ఆమె తండ్రి విడుదలవుతాడనీ ఆశపెట్టాడు.

చెంగల్వ ఒక్కొక్క ముక్కా తిప్పి చూసింది. ఒక్కదాని మీదా తమ ఇంటి గీత లేదు. "ముక్కలైతే ఉన్నాయి. పేక లేదు" అని పెట్టె మూసేసింది.

మాంత్రికుడి ముఖం మాడిపోయింది. రొంటిలోంచి చివరి ముక్క తీశాడు. అది పడవవాడి ముక్క. ఆమె కళ్ళెదుటే దాన్ని నిప్పుల్లో వేసి, "ఇక నీ పేక ఏ జన్మకూ నిండదు" అన్నాడు.

ముక్క కాలుతున్న ఆ కాస్త సేపూ చెంగల్వ కన్నార్పలేదు. పడవవాడి తలపాగా, గెడ పట్టిన తీరు, వంగిన నడుము అన్నీ చూసుకుంది. బూడిద మిగిలాక అక్కడే నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, మూట విప్పి, కుంచె తడిపింది.

జంఘాలుడు పులులను రప్పించాడు. అవి ఆమె మెడ మీద వేడిగా ఊపిరి వదిలాయి. ఆమె తలపాగా గీసింది. నేల బీటలు వారింది. ఆమె గెడ గీసింది. చివరికి తండ్రి గొంతు వినిపించింది: "చెంగల్వా, ఆపు తల్లీ. నా మెడ మీద కత్తి పెట్టారు."

ఆమె కళ్ళు నిండాయి. కుంచె మాత్రం వణకలేదు. "నువ్వు మా అయ్యవే అయితే గీత మధ్యలో ఆపమనవు" అని, పడవవాడికి కళ్ళు పెట్టింది.

రంగు ఆరింది. బొమ్మ చెరగలేదు. జంఘాలుడు కేక పెట్టి ముక్క లాక్కోబోయాడు. దాన్ని తాకిన వేలు రాయైంది. వేలి నుంచి చెయ్యి, చేతి నుంచి ఒళ్ళు, అలా వంగినవాడు వంగినట్టే బండరాయైపోయాడు.

గండభేరుండం ఆమెను వెన్నేటి ఒడ్డున దించింది. రాజు తొంభై మూడు ముక్కలూ తెప్పించాడు. చెంగల్వ అన్నిటినీ వరసగా రాతి అలల మీద పేర్చి, చివరన పడవవాణ్ణి ఉంచింది. పెళపెళమని చప్పుడైంది. ఆమె గబగబా ముక్కలు ఒడిలోకి దూసుకునేలోపే మోకాళ్ళ దాకా నీళ్ళు వచ్చాయి. పడవలు ఊగాయి. జనం బట్టలతోనే ఏటిలోకి దూకారు.

రాజు పొంగిపోయి, ఆమెను తన కోడలిగా చేసుకుంటానన్నాడు. చెంగల్వ వద్దంది. తండ్రిని విడిచిపెట్టమనీ, ఇకమీదట ఏ చిత్రకారుడి పక్కనా కత్తి నిలబెట్టవద్దనీ కోరింది. పేకను కోటలో దాచకుండా ఏటి ఒడ్డు పల్లెలకు ఆడుకోవడానికి ఇమ్మంది.

నలుగురి చేతుల్లో పడితే ముక్కలు అరిగిపోతాయని మంత్రి అడ్డుపడ్డాడు.

"అరగనివ్వండి. మళ్ళీ వేస్తాను" అంది చెంగల్వ.

రాజు తలవంచి, తన చేతులతోనే చెర తలుపు తెరిచి, కొమరయ్యను క్షమించమని వేడుకున్నాడు. చెంగల్వ తండ్రి పక్కన కూర్చుని ఆస్థాన చిత్రకారిణి అయింది. పల్లెల్లో పిల్లలూ ముసలివాళ్ళూ రేవుల్లో కూర్చుని పేక ఆడారు. మొదటి ఏడాదిలోనే పదకొండు ముక్కలు అరిగిపోయాయి. పదకొండూ ఆమె మళ్ళీ వేసింది. ఏరు మాత్రం ఒక్కనాడూ ఆగలేదు.