శనివారం సూపులో ఉప్పు

పరమేశ్వర్ డిటెక్టివ్ ఆఫీసు నిజామాబాద్ ఖలీల్‌వాడిలో ఒక మందుల దుకాణం పైన ఉంది. ఆ మెట్లు ఎక్కేవాళ్లలో సగం మంది మధ్యలోనే మనసు మార్చుకొని దిగిపోతారు. ఇంటి గుట్టు పరాయివాడికి చెప్పుకోవడం ఎవరికైనా కష్టమే. ఆ గురువారం ఉదయం ఒకావిడ రెండుసార్లు ఎక్కి రెండుసార్లు దిగి, మూడోసారి పైదాకా వచ్చింది.

ఆమె తలుపు తోసేసరికి అసిస్టెంట్ నిఖిత బల్ల మీది డబ్బాలోంచి బెల్లం ముక్క తీసి నోట్లో వేసుకొని, మొహం అష్టవంకర్లు తిప్పుతూ కిటికీ దగ్గరికి పరుగెత్తుతోంది.

"గిదేం బెల్లం సార్? ఉప్పు కషాయమున్నట్టున్నది!"

"చౌడు భూమిల పండిన చెరుకు గట్లనే ఉంటది. కోటగిరి దిక్కు రైతు ఒకాయన చూడుమని పంపిండు. వద్దనేలోపే నోట్లేసుకుంటివి" అన్నాడు పరమేశ్వర్.

బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ నడిచినన్నాళ్లు ఆయన అందులో చెరుకు రసం పరీక్షించేవాడు. ఫ్యాక్టరీ మూతపడ్డాక మనుషులను పరీక్షించే పనిలోకి వచ్చాడు. ఒంటరి మనిషి. నిఖితకు మాత్రం ఆయనంటే గురి. ఆయన తుమ్మినా దాని వెనక ఏదో కారణం ఉంటుందని నమ్మే పిల్ల.

వచ్చినావిడ పేరు జ్యోతిరాణి. హైదరాబాద్ రోడ్డులో ఉన్న ఖరీదైన చైనీస్ హోటల్ 'త్రీ లాంతర్స్' ఆమెదే. భర్త కలగన్న హోటల్ అది. తలుపులు తెరవకముందే ఆయన పోయాడు. ఆమె ఒక్కతే తెరిచింది.

"సార్, నా హోటల్ల ఎవరో తిండిల ఏదో కలుపుతున్నరు" అంది, కుర్చీలో సగమే కూర్చొని. "ఏడాది మంచిగ నడిచింది. రెండు నెలలసంది గిదీ కథ. ఒకటే సూపు, ఒకటే రోజు. ఒకాయన అమృతమని రాస్తడు, ఇంకొకాయన నోట్లె పెట్టలేకపోయిన అని రాస్తడు. పోయిన శనివారం ఒక చిన్న పాప వాంతులు చేసుకున్నది. వాళ్ల నాన్న కేసు పెడ్తనని పోయిండు."

"ఎవరి మీద అనుమానం?"

"సాయవ్వ అని, గిన్నెలు తోముతది. బీడీలు చేసుకుంట బతికేది, నేనే పిలిచి పనిచ్చిన. ఆమె కడాయి మీద చెయ్యి పెట్టి ఏదో వేస్తుంటే, వడ్డించేటోళ్ల మీద పెద్ద, మా కెప్టెన్ నరేష్ చూసిండు. సోమవారం స్టేషన్ల ఫిర్యాదు ఇస్త. కానీ సార్, ఆమె చేసి ఉండకపోతే? గా ముసలామెను నా చేతులతోని జైలుకు పంపినట్టు గాదా?"

"సోమవారం దాకా ఆగండి" అన్నాడు పరమేశ్వర్.

శుక్రవారమంతా నిఖిత హోటల్ మీద వచ్చిన అభిప్రాయాలన్నీ ముందేసుకొని కూర్చుంది. తిన్నవాళ్లు ఫోన్లలో రాసినవి, చీటీల మీద రాసి పోయినవి. ఆర్మూరు నుంచి వచ్చిన ఒకరు నూడుల్స్ తిని తల్లి చేతి వంట గుర్తొచ్చిందని రాశారు. చైనా నూడుల్స్‌కూ ఆర్మూరు తల్లికీ సంబంధమేమిటో నిఖితకు అర్థం కాలేదు. ఇంకొకరు అదే నూడుల్స్ గురించి, ఉప్పు గనిలో కూర్చోబెట్టి తినిపించారని తిట్టిపోశారు. టేబుళ్లు బుక్ చేసుకున్న రిజిస్టరు పక్కన పెట్టి ఎవరు ఎన్ని గంటలకు కూర్చున్నారో సరిచూసింది.

"సార్, తిట్లన్నీ శనివారాలే. ఏడు శనివారాలు. అది కూడా చీకటి పడేలోపు వచ్చినోళ్లే. ఏడున్నర తర్వాత వచ్చినోళ్లంతా మెచ్చుకున్నరు. శనివారం రద్దీ ఎక్కువ, అందుకే అనుకున్నరంట మేడం."

పరమేశ్వర్ ఉప్పు బెల్లం ముక్క ఒకటి కాగితంలో చుట్టి జేబులో వేసుకున్నాడు. ఎందుకని నిఖిత అడగలేదు. అడిగితే చెప్పడని ఆమెకు తెలుసు.

*

శనివారం సాయంత్రం నాలుగున్నరకు వాళ్లిద్దరూ త్రీ లాంతర్స్‌కు వెళ్లారు. ఎర్ర పట్టు లాంతర్ల కింద ఇరవై బల్లలు. పందొమ్మిది ఖాళీ. కిటికీ పక్క బల్ల దగ్గర ఇస్త్రీ చొక్కా వేసుకున్న పెద్దాయన ఒక్కడే కూర్చొని, సూపు గిన్నెలో చెంచా తిప్పుతున్నాడు.

ఆయన పేరు ఆత్మారాం. మోర్తాడ్‌లో బడిపంతులుగా చేసి రిటైరయ్యాడు. పరమేశ్వర్ అనుమతి అడిగి ఎదురుగా కూర్చున్నాడు.

"ప్రతి శనివారం వస్తరా?"

"వస్త. మా ఇంటామె ఉన్నప్పుడు హైదరాబాద్ పోతే గీ సూపే అడిగేది. ఇప్పుడు ఇక్కడనే దొరుకుతున్నది, ఆమె లేదు."

"ఎట్లుంటది సూపు?"

"ఇప్పుడు తాగేది ఉప్పు. ఎనిమిదింటికి ఇంకోటి చెప్త, అది మస్తుంటది. రెండు నెలలసంది గిట్లనే."

నిఖిత ఉండబట్టలేకపోయింది. "మరి చెప్పచ్చు గదా బాపూ? మార్చి ఇస్తరు."

"మార్చి మంచిది ఇస్తరు బిడ్డా. మంచిదైతే పది నిమిషాల్ల అయిపోతది. అయిపోతే లేచి ఇంటికి పోవాలె." ఆయన చెంచా గిన్నెలో పెట్టి కిటికీలోంచి రోడ్డు చూశాడు. "ఉప్పుదైతే రెండు గంటలొస్తది."

నిఖిత మంచినీళ్ల గ్లాసు ఆయన దగ్గరికి జరిపింది.

నరేష్‌ను పక్కకు పిలిచి అడిగాడు పరమేశ్వర్. ముప్పై ఏళ్ల చురుకైన మనిషి. వేరే హోటల్లో ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకున్నాడని తానే చెప్పాడు.

"సాయవ్వను ఎప్పుడు చూసినవ్?"

"మస్తు సార్లు సార్. ఎడమ చెయ్యి కడాయి మీదికి చాపుతది. చెఫ్ పక్కనే ఉంటడు గని ఏమనడు. సోమారం చూసిన, బుధారం చూసిన, నిన్న గూడ చూసిన."

"శనివారం?"

నరేష్ ఆలోచించాడు. "శనారం కనపడలే సార్. దొరుకుతనని జాగ్రత్త పడుతున్నట్టున్నది."

"దరఖాస్తు పెట్టినోడు సార్, వీడే ఏదో చేస్తుండచ్చు" అంది నిఖిత, అతను పోయాక.

"హోటల్ చెడగొట్టేటోడు తన దరఖాస్తు సంగతి తానే చెప్పుకుంటడా?" అంటూ పరమేశ్వర్ వంటింటి వైపు నడిచాడు.

చెఫ్ లింబాద్రి కోటగిరి వాడు. దుబాయిలో పద్నాలుగేళ్లు చైనీస్ వంట చేసి వచ్చాడు. ఒక పొయ్యి మీద నూడుల్స్ ఎగరేస్తూ మర్యాదగా జవాబులు చెబుతున్నాడు. ఇంతలో వెనక పొయ్యి మీద వెల్లుల్లి మాడిన వాసన నిఖిత ముక్కుకు తగిలింది. ఆమె ఉన్నది గుమ్మం దగ్గర. లింబాద్రి ఉన్నది పొయ్యికి రెండడుగుల దూరంలో. పొగ కళ్లకు కనబడ్డాకే అతను తిరిగి మంట ఆర్పాడు.

"మీ కోటగిరి బెల్లమే లింబాద్రీ. తిని చెప్పు" అని పరమేశ్వర్ కాగితం విప్పాడు.

లింబాద్రి ముక్క నోట్లో వేసుకొని మెల్లగా నమిలాడు. "మంచిగున్నది సార్. మస్తు తీపున్నది" అని నవ్వాడు.

నిఖిత నోరు తెరవబోతే పరమేశ్వర్ ఆమె కాలు తొక్కాడు.

అప్పుడే సాయవ్వ భుజం మీద బియ్యం సంచితో స్టోరు గదిలోంచి వచ్చింది. అరవైకి దగ్గరపడ్డ మనిషి. సంచి దించి, నేల మీద గొంతుక్కూర్చొని గిన్నెలు ముందేసుకుంది. నిఖిత ఆమెకు చాయ అందించింది.

"వద్దు బిడ్డా, ఇయ్యాల ఒక్కపొద్దున్న. దీపం పెట్టేదాక నోట్లె ఏమెయ్య."

"ఎందుకవ్వా ఒక్కపొద్దు?" అన్నాడు పరమేశ్వర్.

"మోకాళ్ల నొప్పులు సార్" అంది ఆమె, తలెత్తకుండా.

ఏడింటికి సాయవ్వ మూలనున్న పటం ముందు దీపం వెలిగించి, తెచ్చుకున్న అన్నం తింది. ఐదింటికి నిఖిత ఒక చెంచా తాగి వదిలేసిన సూపే ఏడున్నరకు మళ్లీ తెప్పిస్తే, గిన్నె ఖాళీ అయ్యేదాకా ఆమె మాట్లాడలేదు.

*

ఆదివారం ఉదయం పదింటికి, హోటల్ ఇంకా తెరవకముందు, పరమేశ్వర్ అందరినీ పెద్ద బల్ల చుట్టూ కూర్చోబెట్టాడు. ఆత్మారాంను కూడా పిలిపించాడు. సాయవ్వ కూర్చోనని గోడకు ఆనుకొని నిలబడింది. జ్యోతిరాణి చేతిలో ఫిర్యాదు కాగితం ఉంది.

"మొదలు ఒక మాట" అన్నాడు పరమేశ్వర్. "ఈ హోటల్ల ఎవ్వరూ ఏమీ కలపలే."

"నేను కళ్లార చూసిన సార్!" అన్నాడు నరేష్.

"నువ్వు చూసింది నిజమే. సోమారం, బుధారం, శుక్రారం చూసినవ్. ఆ రోజుల్ల తిండి ఎట్లుంది? అందరు మెచ్చుకున్నరు. శనివారం ఆమె చెయ్యి కడాయి మీదికి పోలే. అప్పుడే తిండి చెడిపోయింది. చెయ్యి పెట్టినప్పుడు బాగుండి, పెట్టనప్పుడు చెడిపోతే ఏమన్నట్టు? ఆమె కడాయిల ఏమీ వెయ్యలే. కడాయిలకెళ్లి తీసుకున్నది. మన ఇండ్లల్ల ఎంగిలి కాకుండ రుచి ఎట్ల చూస్తరు? ఎడమ చెయ్యి చాపి, గంటెతో అరచేతిల చుక్క వేసుకుంటరు. నువ్వు చూసింది గదే."

జ్యోతిరాణి అయోమయంగా చూసింది. "గిన్నెలు తోమే ఆమె రుచి చూసుడేంది? చెఫ్ ఉన్నడు గదా."

"చెఫ్‌కు రుచి తెలియదు గనుక." పరమేశ్వర్ గొంతు మెత్తబడింది. "నిన్న నేనిచ్చిన బెల్లం ఉప్పుది లింబాద్రీ. నిఖిత నోట్లె పెట్టలేకపోయింది. నువ్వు తీపన్నవ్. రెండడుగుల దూరంల ఎల్లిగడ్డ మాడితే నీ ముక్కు చెప్పలే, కండ్లు చెప్పినయి."

లింబాద్రి తన చేతుల వైపు చూసుకుంటూ మాట్లాడాడు.

"దుబాయిల జరమొచ్చింది సార్, నాలుగేండ్లయింది. పదిహేను దినాలు ఒక్కన్నే రూముల పెట్టిండ్రు. లేచి చాయ తాగిన, వేడినీళ్ల లెక్క ఉన్నది. రుచి మల్ల రాలే. ఇంటికొచ్చినంక మా అవ్వ పచ్చిపులుసు చేసి పెట్టింది. నాకేం తెలుస్తలేదని చెప్పలేకపోయిన. మంచిగున్నదవ్వా అన్న. ఆమె పోయేదాక దినాం గదే అబద్ధం చెప్పిన." అతను జ్యోతిరాణి వైపు తిరిగాడు. "నాకు ఇంకో పని రాదు మేడం. చేతులకు అంతా యాదికున్నది. గని సాస్ సీసా మారితే ఉప్పు మారుతది. వేసిన్నా లేదా అని అనుమానమొస్తే మల్ల వేస్త. సాయవ్వను బతిమాలుకున్న. ఆమె చెప్పినట్టు దిద్దుకుంట."

"శనివారం ఆమెకు ఒక్కపొద్దు" అన్నాడు పరమేశ్వర్. "దీపం పెట్టేదాక చుక్క గూడ నోట్లె వెయ్యదు. అందుకే చీకటి పడేలోపు వచ్చినోళ్లు తిట్టిండ్రు, తర్వాత వచ్చినోళ్లు మెచ్చుకున్నరు. నాకు తెలియంది ఒక్కటే. మోకాళ్ల నొప్పులున్న మనిషి బియ్యం సంచి మోసుకొచ్చి గొంతుక్కూర్చోదు. ఒక్కపొద్దు ఎవరి కోసమవ్వా?"

సాయవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"పదకొండు శనారాలు మొక్కుకున్న" అంది. "గీ పిలగాని నాలికకు రుచి రావాలని."

లింబాద్రి తలెత్తాడు.

"ఇంట్ల ఒక్కదాన్నే సార్. బీడీలు చేసుకుంట, ఉన్నదేదో తినేదాన్ని. ఈడికొచ్చినంక దినాం 'ఎట్లున్నదవ్వా?' అని అడిగేటోడు దొరికిండు. ఇన్నేండ్లల్ల నన్నెవరు అడిగిండ్రు ఎట్లున్నదని? గందుకే మొక్కిన. దాంతోనే ఆనికి చెడ్డ పేరొస్తున్నదని నాకేమెర్క?"

"నాకెందుకు చెప్పలేదవ్వా?" అన్నాడు లింబాద్రి.

"చెప్తే మొక్కు పలించదంటరు బిడ్డా." ఆమె అందరినీ ఒకసారి చూసింది. "ఇప్పుడు చెప్పేసిన."

పరమేశ్వర్ కేసులు చాలా తేల్చాడు గానీ, తేల్చినందుకు తలదించుకోవడం ఇదే మొదటిసారి. "తెల్వక అడిగిన అవ్వా, తప్పయింది" అన్నాడు. నిఖిత ఆయన్ని అట్లా ఎప్పుడూ చూడలేదు. ఆమెకు ఏడుపొచ్చింది, ఏడ్చింది కూడా.

జ్యోతిరాణి ఫిర్యాదు కాగితాన్ని మడతపెట్టింది, మళ్లీ విప్పింది. "ఏడాది నాకు అబద్ధం చెప్పినవ్ లింబాద్రి" అంది కోపంగా. తర్వాత ఆ కోపం ఎటో పోయింది. "ఆయన పోయినంక నేనీ హోటల్ల ఒక్కనాడు కూర్చొని తినలే. తిని ఉంటే ఎప్పుడో తెలిసేది. పాప వాళ్లింటికి నేనే పోయి జరిగింది చెప్పుకుంట." కాగితం నాలుగు ముక్కలు చేసింది. "మరి శనివారం రుచి ఎవరు చూడాలె?"

"ఇగ మొక్కు ఇడిచిపెట్టు అవ్వా" అన్నాడు లింబాద్రి.

"ఎట్ల ఇడుస్త? ఇంక మూడే శనారాలున్నయి. దేవుడు ఇనకపోతే ఆయన ఇష్టం."

బల్ల చివర ఆత్మారాం గొంతు సవరించుకున్నాడు. తరగతిలో పిల్లవాడిలా చెయ్యి సగం ఎత్తాడు. "నేను నాలుగింటికే వస్త. ఇంకా ముందైనా వస్త. నాకేం పని లేదు."

*

తర్వాతి శనివారం నిఖిత బలవంతం మీద పరమేశ్వర్ మళ్లీ అక్కడికి వెళ్లాడు. హాల్లో కిటికీ పక్క బల్ల ఖాళీగా ఉంది. వంటింట్లో స్టూలు మీద ఇస్త్రీ చొక్కాతో ఆత్మారాం కూర్చొని, ఎడమ అరచెయ్యి చాపాడు. లింబాద్రి గంటెతో చుక్క వేశాడు. ఉదయం నుంచి ఏమీ తినని సాయవ్వ గిన్నెలు తోమడం ఆపి చూస్తోంది.

"ఎట్లున్నది బాపూ?"

"ఉప్పు సరిపోయింది" అని ఆత్మారాం ఆగాడు. అక్కడితో చాలు నిజానికి. కానీ ఆయన బడిపంతులు, అడిగినవాడికి పూర్తిగా చెప్పడం అలవాటు. "మొదలు పులుపు తెలుస్తది, నాలిక అంచులకు. మింగినంక మిరియం గొంతుల మెల్లగ మండుతది. మా ఇంటామె గా మంట కోసమే తాగేది. చివర్ల అల్లం..."

లింబాద్రి మంట తగ్గించి, గంటె పక్కన పెట్టి, కళ్లు మూసుకున్నాడు.

"చెప్పు బాపూ" అన్నాడు. "అల్లం ఎట్లున్నది?"