పసుపు రాసిన పన్నెండు మాటలు

“మళ్ళీ చెప్తున్నా, ముఠా టార్గెట్ అచ్యుతరావు. డెబ్బై ఆరేళ్ళు, రిటైర్డ్ హార్ట్ సర్జన్,” అన్నాడు సైబర్ క్రైమ్ యూనిట్ చీఫ్ కృష్ణమోహన్ ఇయర్‌పీస్‌లో. “నలభై ఏళ్ళ సంపాదన క్రిప్టో వాలెట్‌లో ఉంది. బ్యాంక్ లేదు, కస్టమర్ కేర్ లేదు. ఆ వాలెట్ తాళం పన్నెండు మాటలు. అవి ఎవరికి దొరికితే డబ్బు వాళ్ళదే.”

ఏజెంట్ దేదీప్య అమెరికాలో, మోరిస్‌విల్ ఇండియన్ స్టోర్‌లో ఏప్రన్ కట్టుకుని బెండకాయలు తూస్తోంది. ఆయన రోజూ కూరగాయలు కొనే కొట్టు కనుక, మూడు వారాలుగా ఇదే వేషం.

“మాటలు బయటికెలా పోయాయో తెలిసిందా సర్?”

“కాగితం మీద రాసి, నాలుగు మూలలా పసుపు పూసి, దేవుడి దగ్గర పెట్టాడు. ఫొటో తీసి ఫ్యామిలీ వాట్సాప్ గ్రూప్‌లో పోస్ట్ చేశాడు. విదేశీ ముఠా దాన్ని లాగేసింది. పసుపు కింద నాలుగు మాటలు కనబడడం లేదు. వాటికోసం సోమవారం వస్తారు. జాహ్నవి రిపోర్ట్ అది.”

జాహ్నవి ముఠాలో యూనిట్ నాటిన మనిషి. దేదీప్యతో కలిసి రెండేళ్ళు లంచ్ బాక్స్ పంచుకున్న మనిషి.

శనివారం ఉదయం పదకొండింటికి స్టోర్ తలుపు తెరుచుకుంది. ఇంగువ వాసన మీదుగా ఖరీదైన సెంటు వాసన వచ్చింది. అచ్యుతరావు చేయి పట్టుకుని, సిల్క్ బ్లేజర్‌లో జాహ్నవి. దేదీప్య మాస్క్ కళ్ళదాకా లాక్కుంది.

“సోమవారం అన్నది అబద్ధం సర్,” దేదీప్య గొణిగింది. “జాహ్నవి అమ్ముడుపోయింది.”

“అయితే తీసుకోనీ. డబ్బు ఎటుపోతే అటు ట్రేస్ చేద్దాం. నువ్వు కదలకు.”

“అది ఆయన బతుకు సర్.”

“ఎర, దేదీప్యా. అంతే.”

ఆమె కౌంటర్ కింద దాచిన సంచిని పైకి తీసింది.

టీ టేబుల్ దగ్గర జాహ్నవి వంగి ముసలాయన కాళ్ళకు దండం పెట్టింది. “మీరు అచ్చం మా నాన్నగారిలా ఉన్నారు అంకుల్. వాలెట్ అప్‌డేట్ చెయ్యాలి. కాగితం తెచ్చారా?”

ఆయన మురిసిపోతూ చొక్కా జేబులోంచి మడత కాగితం తీసి ఇచ్చాడు. ఆమె ఎర్రగోరుతో పసుపు గీకుతూ, కనబడ్డ మాటను ఫోన్‌లో కొట్టడం మొదలుపెట్టింది.

“ఉండమ్మా, ముందు బిల్లు కట్టొస్తాను,” అంటూ ఆయన లేచాడు. బాకీ ఉంచి టీ తాగడం ఆయనకు పడదు. కొత్తిమీర కట్టకైనా వాలెట్‌తోనే కట్టి, ఆ ఫోన్ నలుగురికీ చూపించుకోవాలి.

దేదీప్య స్క్రీన్ తిప్పింది. ఆయన స్కాన్ చేసి అదిరిపడ్డాడు.

“ఇదేమిటమ్మా! కొత్తిమీరకి ఇంతా?”

“మెల్లగా అంకుల్. మొదటిరోజు మీకేం చెప్పాను?”

“మాటలు అడిగినవాళ్ళు దొంగలన్నావు.”

“నేనెప్పుడైనా అడిగానా?”

“లేదు.” ఆయన గొంతు తగ్గింది. వెనక్కి తిరగబోయాడు.

“చూడకండి. ఈ సంచిలో కొత్త డివైస్ ఉంది. పదకొండు డాలర్లు తప్ప మీ డబ్బంతా దాంట్లోకి వెళ్తుంది. దాని తాళం, కొత్త మాటలు, మీవే. బటన్ కూడా మీరే నొక్కాలి. నా చేతిలో లేదు.”

వెనక గోరు నాలుగో మూల గీకుతున్న చప్పుడు.

వేల గుండెలు కోసిన చెయ్యి. వణకలేదు. నొక్కాడు.

రెండు సెకన్ల తర్వాత జాహ్నవి కూడా చివరి మాట కొట్టి నొక్కింది. ఆమె ఫోన్‌లో పదకొండు డాలర్లు మెరిశాయి. ఆ పదకొండు డాలర్ల వెంటే యూనిట్ ముఠా సర్వర్ దాకా వెళ్ళింది. పార్కింగ్‌లోంచి నలుగురు ఆఫీసర్లు లోపలికొచ్చారు.

బేడీలు పడ్డ చేతులు కౌంటర్ మీద ఆనించి, మాస్క్ తీసిన దేదీప్యను చూసి జాహ్నవి నవ్వింది. “నువ్వు జన్మంతా బెండకాయలు తూచుకుంటూ ఉండవే.”

“చేతులు తియ్యి,” అంది దేదీప్య. “కౌంటర్ కడగాలి.”

“మన ప్లాన్ భలే పనిచేసింది!” అన్నాడు కృష్ణమోహన్. దేదీప్య ఇయర్‌పీస్ పీకి కుళ్ళిన టమాటాల బుట్టలో పడేసింది.

వారం తర్వాత, వేషం విప్పే రోజున, అచ్యుతరావు మళ్ళీ వచ్చాడు.

“కొత్త మాటలు భద్రమేనా అంకుల్? వాట్సాప్‌లో పెట్టలేదుగా?”

“ఛఛ, బుద్ధొచ్చిందమ్మా. లామినేషన్‌కి ఇచ్చాను. ఆ షాపాయన ఎంత మంచివాడో! ఎందుకైనా మంచిదని తన దగ్గర కూడా ఒక కాపీ ఉంచుకున్నాడు.”

దేదీప్య విప్పబోయిన ఏప్రన్ ముడి మళ్ళీ బిగించింది.