ఎర్రగా లేదేం పాపా?

మధ్యాహ్నం భోజనాల బెల్ కొట్టినా హిమబిందు కంప్యూటర్ గదిలోంచి కదల్లేదు. తన వీడియో కింద కామెంట్లు వస్తూనే ఉన్నాయి.

"సూపర్!" "భలే చెప్పావమ్మా!" "మా పెడన అమ్మాయి!"

హిమబిందు ఆరో తరగతి. వాళ్ళ నాన్న నరేంద్ర పెడనలో కలంకారీ అద్దకం పని చేస్తారు. చెక్క అచ్చుని రంగులో అద్ది బట్ట మీద నొక్కితే పువ్వు పడుతుంది. ఆ పని గురించి హిమబిందు తీసిన వీడియోని సుప్రియ టీచర్ స్కూల్ ఛానల్‌లో పెట్టారు. వచ్చే వారం శనివారం బందరులో జరిగే ప్రదర్శనలో దాన్ని పెద్ద తెర మీద వేస్తారు.

"ఈలోగా తప్పులేమైనా ఉన్నాయేమో చూద్దామా?" అంటూ టీచర్ పక్కన కూర్చున్నారు.

"ఇన్ని కామెంట్లు ఎలా చదువుతాం టీచర్?"

"మనం చదవక్కర్లేదు. ఈ బ్రౌజర్‌లో ఒక టూల్ ఉంది. కామెంట్లన్నీ అదే చదువుతుంది. పొగడ్తలు పక్కకి తీసేసి, లోపాలు చెప్పినవాళ్ళని మాత్రం మనకి చూపిస్తుంది."

టీచర్ బటన్ నొక్కారు. సూపర్లు, చప్పట్ల బొమ్మలు, పూలు అన్నీ ఒక్కసారిగా మాయమయ్యాయి. హిమబిందు నోరు తెరిచి చూసింది. కిక్కిరిసిన బస్సు ఖాళీ అయి, ఒక్క మనిషే సీట్లో మిగిలినట్టుంది.

ఆ ఒక్క కామెంటు పామర్రు నుంచి రావమ్మ అనే ఆవిడ రాసింది. "మీ నాన్న ఎరుపు అద్దుతున్నారని అంటున్నావు. బట్ట మీద ఎర్రగా లేదేం పాపా?"

"మంచి ప్రశ్న. జవాబు నువ్వే రాయి" అని టీచర్ ఆఫీసు గదిలోకి వెళ్ళారు.

హిమబిందుకి మొహం వేడెక్కింది. ఇంతమంది బాగుందంటే ఈవిడకేం వచ్చింది? గబగబా టైప్ చేసింది. "మా నాన్న పని నాకు తెలియదా? మీరే కళ్ళజోడు పెట్టుకుని చూడండి."

పంపేసింది.

టీచర్ తిరిగి వచ్చి అది చదివారు. కోప్పడలేదు. "ఆవిడ చూసిన చోటు మనమూ ఒకసారి చూద్దాం" అని వీడియో నడిపారు.

"ఇప్పుడు నాన్న ఎరుపు అద్దుతున్నారు" అంది తెర మీది హిమబిందు. నాన్న అచ్చు పైకెత్తారు. కింద కనీకనిపించని లేత మరక. ఎరుపు లేదు!

హిమబిందు కళ్ళు నులుముకుంది. వీడియో తీసింది తనే. ఎన్నోసార్లు చూసుకుంది కూడా. కానీ బట్టని చూసింది మాత్రం పామర్రులో ఉన్న ఆవిడ.

సాయంత్రం నాన్నని అడిగింది. నాన్న నవ్వారు. "అది పటికమ్మా, జిగురు కలిపి అద్దుతాం. ఎరుపు ఇంకా పుట్టలేదు. ఆదివారం నాతో రా, చూద్దువుగాని."

ఆదివారం ఇద్దరూ బట్టలు ఉడకబెట్టే చోటికి వెళ్ళారు. వేడి, పొగ అని హిమబిందు ఎప్పుడూ అటు వెళ్ళలేదు. కట్టెల మంట మీద పెద్ద రాగి కాగు. అందులో రంగునిచ్చే మొక్క వేళ్ళ పొడి వేసిన నీళ్ళు మరుగుతున్నాయి. అక్కడ బట్టలు ఉడకబెట్టే పోలయ్య తాత ఆ లేత మరకల బట్టని నీళ్ళలోకి దింపి, పొడుగాటి కర్రతో తిప్పాడు.

"ఇప్పుడు చూడు" అని కర్రతో పైకి ఎత్తాడు.

హిమబిందు ముందుకు వంగి చూసింది. ఏమీ లేదనుకున్న చోట పువ్వులు! పటిక పడిన ప్రతి రేకూ ఎర్రగా తేలుతోంది. నాన్న చేతి కింద ఇన్నాళ్ళూ కనబడకుండా ఉన్న తోటంతా ఆవిర్లలోంచి లేచి వస్తోంది.

"నాన్నా, ఇదంతా ముందే ఉందా?"

"ఉంది. మరిగేదాకా కనబడదంతే."

చాలాసేపు ఆమె అక్కడినుంచి కదల్లేదు. పామర్రు ఆవిడ అడక్కపోతే దీన్ని చూసేదాన్నే కాదు అనుకుంది.

సోమవారం స్కూల్లో తన జవాబు తీసేసి మళ్ళీ రాసింది. "సారీ అండీ. మీరు చూసిందే నిజం. అది పటిక. మీకు అలా జవాబు రాయడం నా తప్పే. మీరు అడిగినందుకు ఎరుపు పుట్టడం నా కళ్ళతో చూశాను."

వీడియోలో ఆ ముక్క మార్చి, ఆదివారం కాగు దగ్గర తీసిన దృశ్యం కలిపింది. ఈసారి ముందుగా టీచర్‌కి ఇవ్వలేదు. సాయంత్రం నాన్న ఫోన్ పట్టుకుని పోలయ్య తాత దగ్గరికి వెళ్ళింది.

"బాగుందని చెప్పకు తాతా. ఎక్కడ తప్పుందో చెప్పు."

పోలయ్య తాత చేతులు తుడుచుకుని శ్రద్ధగా చూశాడు.

"పటిక పడని చోట బట్టకి రంగు అంటదన్నావు. కాస్త అంటుద్దమ్మా. ఎండలో పరిచి నీళ్ళు చల్లుతా ఉంటే అప్పుడు తెల్లబడుద్ది."

హిమబిందు మొహం వేడెక్కలేదు. కళ్ళు మాత్రం ఇంతయ్యాయి.

"ఎండ తెల్లగా చేస్తుందా! రేపు పరుస్తారా తాతా? నేనూ వస్తాను."