గంగులు వంతు

సాలూరులో మా ఇంటి వెనకే లారీ షెడ్డు. పొద్దంతా రేకుల మీద సుత్తి దెబ్బలు. ఆ మోతలో కూడా గుర్రుపెట్టి నిద్రపోగలిగే మనిషిని వీధి మొత్తానికి నేనొక్కణ్ణే. డెబ్బయ్యొకటో ఏట సాధించిన ఘనత ఇది. పొద్దున్న పదింటికో కునుకు, మధ్యాహ్నం ఇంకోటి. సాయంత్రం అయిదున్నరకి లేచి, తెల్లారిందనుకుని పళ్లు తోముకుంటాను.

"ఇంక టిఫినెట్టమంటావేటి?" అని మా ఆవిడ కూర్మమ్మ పగలబడి నవ్వేది.

చొక్కా బొత్తాలు పెట్టుకోలేను. చేతులు వణుకుతాయి. టీ గ్లాసు నోటిదాకా వచ్చేసరికి సగం టీ చొక్కాయే తాగేస్తుంది. ముప్పయ్యేళ్లు లారీ స్టీరింగు తిప్పిన చేతులు మరి! వయసు మీద పడితే నిద్ర వేళలు తిరగబడతాయన్నాడు డాక్టరు.

మా రోజుల్లో దూరం వెళ్లే లారీకి ఇద్దరు డ్రైవర్లం. ఒకడు నడుపుతుంటే ఇంకొకడు క్యాబిన్లో వెనక బల్ల మీద పడుకోవాలి. వంతు మారేటప్పుడు పడుకున్నవాడి అరికాలి మీద రెండు దెబ్బలు. అదే పిలుపు. నా జోడీ గంగులు. ఎడమచేతి వాటం మనిషి. ఆఖరి రాత్రి, నా వంతులోనే ఆవలింతలు ఆగక, రెండు గంటల ముందే వాడి అరికాలు తట్టాను.

"బావా, నా నిద్ర తీసేసుకున్నావు. ఎప్పుడో తిరిగియ్యాల," అని నవ్వుతూ స్టీరింగు పట్టాడు.

ఘాట్ దిగుతుంటే లారీ కొండకి కొట్టింది. అప్పటికి నేను నిద్రలో ఉన్నాను. వాడు మిగల్లేదు.

ఇదంతా ఎప్పటి మాటో. పోయిన నెలలో ఒకరోజు కూర్మమ్మ నవ్వడం మానేసింది.

"రాత్రి బొత్తాలు నువ్వే ఎట్టుకున్నావు," అంది.

"నేనా?"

"అన్నం నువ్వే కలుపుకున్నావు. మెతుకు కింద పడనేదు." గొంతు తగ్గించింది. "ఎడం సేత్తో."

నవ్వేద్దామనుకున్నాను. రాలేదు. నాకు ఆ రాత్రి గుర్తే లేదు.

మొదట్లో రోజుకి పది గంటలు మెలకువగా ఉండేవాణ్ణి. తర్వాత ఆరు. తర్వాత మూడు. మిగతా గంటలన్నీ ఎవరివి? లేచిన ప్రతిసారీ అరికాలు చురుక్కుమనేది. ఎవరో తట్టినట్టు... రెండుసార్లు. గది నిండా డీజిల్ వాసన. షెడ్డుదిలే అనుకునేవాణ్ణి. ఆదివారం షెడ్డు తెరవరు. ఆదివారం కూడా అదే వాసన.

నా భయమల్లా ఒక్కటే. వాడు తట్టడం మానేస్తే?

ఒక సాయంత్రం రెప్పలు బరువెక్కుతుంటే కూర్మమ్మ చెయ్యి పట్టుకున్నాను.

"తెల్లారగానే నువ్వే తట్టు. నన్ను వాడికొగ్గీకు, వదిలీకు."

"తడతాన్లే. పడుకో."

చీకటి... ఎక్కడో దూరంగా ఇంజను మోత...

రెండు దెబ్బలు.

కళ్లు తెరిచాను. ఎండ. కాళ్ల దగ్గర కూర్మమ్మ. ప్రాణం లేచొచ్చింది.

ఆమె దగ్గరికి రాలేదు. అక్కడినుంచే నా ముఖంలో ఏదో వెతికింది.

"ఎవులు?" అంది, మెల్లగా.

"నేనేనే... జగన్నాధాన్ని."

"మూడ్రోజుల్నించి తడతన్నాను," అంది. "ఇయ్యాలే నువ్వు పలికినావు."

టీ తెచ్చింది. గ్లాసు మంచం మీద పెట్టింది. అలవాటైపోయినట్టు... నా ఎడమ పక్కన.

కుడిచెయ్యి చాపాను. వణుకుతోంది. అది చేరేలోపే, నేను అడక్కుండానే, ఎడమచెయ్యి గ్లాసు అందుకుంది.

ఒక్క చుక్క తొణకలేదు.