తేరిన నీళ్లు

"ఏం మొహం పెట్టుకుని వచ్చావు?"

మిఠాయి దుకాణం వెనక తలుపు తీస్తూనే చిగుసా అడిగిన మాట అది. గుమ్మంలో తెప్పేయ్ వానకు తడిసి, తల వంచుకుని నిలబడ్డాడు.

"మాస్టారు పోయాక తొలి హిగాన్ కదా. ఒహాగి మిఠాయి చెయ్యడానికి చేతిసాయం కావాలేమోనని..."

"పోయినప్పుడు రాలేదేం?"

"రావడానికి ధైర్యం చాల్లేదు."

మత్సుయె ఊళ్లో చిగుసా తండ్రి గెంజో మిఠాయిలకు పెట్టింది పేరు. ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న తెప్పేయ్, నేర్చుకోవడం పూర్తికాకుండానే పిల్లనిమ్మని అడిగేశాడు. "తొట్టిలో నీళ్లు తేరేదాకా ఆగలేవు, నువ్వేం సంసారం చేస్తావురా?" అని గెంజో అందరి ముందూ నవ్వాడు. ఆ రోషంతో కుర్రాడు ఒసాకా వెళ్లిపోయాడు. చిగుసాకు ఒక్క మాటైనా చెప్పలేదు. ఆమె మనసు విరిగింది అక్కడే.

ఇప్పుడు పోట్లాడే తీరిక లేదు. హిగాన్ అంటే పెద్దలకు పెట్టుకునే రోజులు. ఉడికిన ఎర్రటి అజుకి చిక్కుడు గింజలను ఆమె జల్లెడలో రుద్ది, తొక్కలు తీసేసి, పిండిని నీళ్ల తొట్టిలో వదిలింది. అది అడుక్కి దిగాక పైనీళ్లు వంచెయ్యాలి. నాన్న పోయాక ఆమె చేసిన తీపిముద్ద ప్రతిసారీ నాలిక్కి గరుగ్గానే తగిలింది. ఈ రోజు నాన్న ఫొటో ముందు పెట్టేది కూడా అలాగే ఉంటే ఆమె తట్టుకోలేదు.

తొట్టి అంచు పట్టుకుంది. తెప్పేయ్ ఆమె చేతి మీద చెయ్యి వేశాడు.

"ఆగు. ఇంకా తేరలేదు."

"బయట జనం వచ్చేస్తున్నారు!"

"రానీ. మెత్తటి పిండి అన్నిటికన్నా ఆఖర్న దిగుతుంది. తొందరపడితే పోయేది అదే."

"ఇదెప్పుడు తెలిసింది నీకు?"

"నిన్ను పోగొట్టుకున్నాక."

చిగుసా తన చెయ్యి వెనక్కి తీసుకోలేదు. చూరు మీద వాన పడుతోంది. తొట్టి అడుగున ఊదారంగు పిండి స్పష్టంగా కనిపించేదాకా ఇద్దరూ అలాగే నిలబడ్డారు.

చక్కెరతో ఉడికిన ముద్దను జిగురన్నం ఉండలకు తొడిగి, ముందుగా చిన్న ముక్క నోట్లో వేసుకుంది. నాన్న చేతి రుచి. ఆపుకోలేక ఏడ్చేసింది.

ఒహాగి పళ్లెం ఫొటో ముందు పెట్టి చేతులు జోడించింది. "చూశావా నాన్నా, ఆగాడు."

వెనక తెప్పేయ్ మోకాళ్ల మీద కూర్చుని, నేలకు నుదురు ఆనించాడు. "మాస్టారూ, మళ్లీ అడుగుతున్నాను..."

చిగుసా కళ్లు తుడుచుకుని అతని వైపు తిరిగింది.

"ఆయన్నెందుకు? ఈసారి నన్నడుగు."